యాపపుల్ల పొద్దున, పేస్టు రాత్రి... ఫ్లోరైడ్ మరకల సంగతి మాత్రం వేరే

ప్రశ్న: పళ్ళ డాక్టరు మేడం, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, ఇంట్లోనే మిషన్ కుడతాను. పాపకు 11 ఏండ్లు, బాబుకు 5. పాపకు ముందర పండ్లు నాలుగూ గోధుమరంగు చారలు, మధ్యలో తెల్ల మచ్చలు, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పాపకు మూడేండ్లు వచ్చేదాకా తోటలోనే ఉన్నాము, బోరు నీళ్ళే తాగినాము. ఊర్లోకి వచ్చినాక తాగడానికి క్యాన్ నీళ్ళు, వంటకి మాత్రం ఇప్పటికీ బోరు నీళ్ళే. బాబుకు కింది దవడ పండ్లు రెండు పుచ్చినాయి, రాత్రిపూట లేచి ఏడుస్తాడు, మా అత్త లవంగనూనె దూదిలో పెట్టి అదుముతుంది. పేస్టులన్నీ కెమికల్, యాపపుల్ల, బొగ్గు, ఉప్పు చాలు అంటుంది ఆమె. వాట్సాప్‌లో కూడా ఫ్లోరైడ్ పేస్టు విషం, మన జిల్లావాళ్ళు అసలే వాడకూడదు అని వచ్చింది. అందుకని హెర్బల్ పేస్టుకు మారినాము. గార కరిగించే చుక్కలని ఆన్‌లైన్‌లో 499 పెట్టి ఒక సీసా కూడా తెప్పించినా, ఇంకా వాడలేదు. ఏ చెట్టు మందు నిజంగా పనిచేస్తుందో చెప్పండి మేడం.

సమాధానం: చెల్లీ, ఆ చుక్కల సీసా మూత తీయలేదు కదా, అట్లనే ఉంచేయండి, ఎందుకో కిందికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మీ జాబులో మూడు వేరే వేరే సమస్యలున్నాయి, మీరు మూడింటినీ ఒకే గాటన కట్టి ఒక్క చెట్టు మందు అడుగుతా ఉన్నారు. పాపకున్నవి నీళ్ళ వల్ల వచ్చిన మరకలు. బాబుకున్నది పుచ్చు. ఇంటిల్లిపాదికీ రోజూ పట్టేది పాచి. చెట్ల మందుకు అసలు పని ఉండేది ఈ పాచి దగ్గర, పుచ్చు రాకుండా చేయడంలో దానికి కొంచెం చెయ్యి ఉంది, వచ్చేసిన పుచ్చుని అది పూడ్చదు, ఇంక పాప మరకల్ని అయితే ముట్టుకోను కూడా ముట్టుకోదు.

పాచి అని మనవాళ్ళు భలే పేరు పెట్టినారు. నీళ్ళ తొట్టికి పట్టేదీ పాచే, పంటికి పట్టేదీ పాచే, నిజంగానే రెండూ ఒకే రకం వ్యవహారం. కంటికి కనపడని జీవాలు ఒకదాన్నొకటి పట్టుకుని, జిగురు ఊరించుకుని, గోడకు అతుక్కుని కాపురం పెడతాయి. నోట్లో ఉండే వందల రకాల్లో పుచ్చుకు ముఖ్యమైన కారణం స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా, 1924లో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్ళలోంచి దీన్ని తీసి పేరు పెట్టినాడు. దీనికి చక్కెర దొరికిందంటే రెండు పనులు చేస్తుంది, ఆ చక్కెరతోనే జిగురు తయారుచేసుకుని పంటికి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, పైగా లాక్టిక్ ఆమ్లం వదుల్తుంది, పెరుగు పులిస్తే వచ్చే పులుపు ఉంది చూడండి, అదే. పంటి మీద పీహెచ్, అంటే పులుపు లెక్క (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 5.5 కంటే కిందికి పడిందంటే ఎనామిల్ అనే పంటి గట్టి పైపొరలోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తాయి. మన ఉమ్మి మెల్లగా ఆ పులుపుని విరిచి, పోయినదాంట్లో కొంత మళ్ళీ పంటికి అతికిస్తుంది, కానీ దానికి అరగంట నుంచి గంట టైం కావాలి. ఆ టైం ఇవ్వకుండా పిల్లోడు ఇప్పుడొక చాక్లెట్టు, ఇంకాసేపటికి టీలో బిస్కెట్టు, మళ్ళీ ఒక బొరుగుల ఉండ తింటా ఉంటే ఉమ్మి మాత్రం ఏం చేస్తుంది పాపం. బెల్లమే కదా అంటారు చాలామంది, చెనిక్కాయ ఉండ మంచిదే, బలమే, కాదనను, కానీ బ్యాక్టీరియాకు బెల్లమైనా చక్కెరైనా ఒకటే, పైగా అది పళ్ళ సందుల్లో అతుక్కుని కూర్చుంటుంది. ఎంత తిన్నాడన్నదానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నాడు అన్నది పళ్ళకు ఎక్కువ లెక్క. ఇవ్వాలనుకుంటే అన్నంతో పాటే ఇచ్చేయండి, మధ్యమధ్యలో వద్దు.

ఇప్పుడు చెప్పండి, తొట్టి పాచి మీద యాపాకు కషాయం పోసి పక్కకు జరిగితే పాచి పోతుందా? కొబ్బరి పీచు పెట్టి రుద్దితేనే పోతుంది. మా జేజి యాపపుల్ల నమిలి నమిలి కుచ్చు చేసి తోముకుంటా అరగంట సేపు అరుగు మీద కూర్చునేది, వచ్చేపోయే వాళ్ళనంతా పలకరిస్తా. అందులో సగం గుణం యాపరసానిది, సగం గుణం ఆ పీచుది, ఆ అరగంటది. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని మాత్రం సీసాలో పోసి అమ్ముతా ఉన్నారు ఇప్పుడు.

చెట్ల రసాల్లో గుణం లేదనడం లేదు నేను. యాప మీద ల్యాబుల్లో చాలా పని జరిగింది, యాపపుల్ల రసం ఈ మ్యూటన్స్ పంటికి అతుక్కోకుండా అడ్డం పడుతుందని చూసినారు. 2004లో మణిపాల్ వాళ్ళు యాపాకు రసంతో జెల్ చేసి 6 వారాలు వాడించి చూస్తే పాచి తగ్గింది. మీ అత్తకు ఈ ముక్క చదివి వినిపించండి, సంతోషపడుతుంది. దర్గాల దగ్గర, మసీదుల ముందర అమ్మే మిస్వాక్ పుల్ల ఉంది కదా, కడపలో కర్నూల్లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, అది సాల్వడోరా పెర్సికా అనే చెట్టు వేరు. దాంట్లో ఆవాల ఘాటు లాంటి గంధకపు పదార్థం ఒకటి బ్యాక్టీరియాను చంపుతుంది, పైగా దాని పీచు సహజంగానే బ్రష్షు లాగ ఉంటుంది. దొరికే చోట పళ్ళపుల్లలు వాడుకోండని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మన పక్క కానుగ పుల్ల కూడా వాడతారు, ఉత్తరేణి వేరు వాడతారు, తుమ్మ పుల్ల వగరుకి చిగుళ్ళు బిగుస్తాయంటారు, ఆ వగరు టానిన్లది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన త్రిఫలలో ఉండేదీ, అనంతపురం తోటల్లో పండే దానిమ్మ తొక్కలో ఉండేదీ అవే టానిన్లు. గ్రీన్ టీలో ఉండే కాటెకిన్లు మ్యూటన్స్ జిగురు చేసుకునే ఎంజైముకే అడ్డం పడతాయి, అతిమధురంలో కూడా అట్లాంటి గుణాలున్నాయి. ఇంక వాము సంగతి తెలిస్తే నవ్వొస్తుంది, బజార్లో గొప్పగా అమ్మే లిస్టరిన్‌లో ఒక ముఖ్యమైన సరుకు థైమాల్, మన వాములో వాసన కొట్టేది అదే. అంటే మీ అత్త పోపుల పెట్టెలో ఉన్నదే అది.

మరి ఇన్ని పనిచేస్తుంటే తంటా ఎక్కడంటే, ల్యాబులో గాజుపళ్ళెంలో రసం వేస్తే అది బ్యాక్టీరియా మీద రోజంతా కూర్చుని ఉంటుంది. నోట్లో అట్లా కుదరదు, ఉమ్మి ఊరతానే ఉంటుంది, రసం కాసేపట్లో కడుపులోకో కాలవలోకో పోతుంది. క్లోర్‌హెక్సిడిన్ అని డాక్టర్లు రాసే మౌత్‌వాష్ ఎందుకంత గట్టిదంటే అది పంటికి, చిగురుకి పట్టుకుని గంటల తరబడి మెల్లగా వదుల్తా ఉంటుంది. దానికీ లోపం ఉంది లెండి, ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరక పడుతుంది, రుచి పోతుంది, అందుకే రెండు వారాలే అంటాము. చెట్ల రసాలకు ఆ మరక గోల లేదు కానీ ఆ పట్టు కూడా తక్కువ. అందుకని వాము నీళ్ళో త్రిఫల నీళ్ళో పుక్కిలిస్తే పుక్కిలించండి, చిగుళ్ళకు మంచిదే, కానీ తోమిన తర్వాత, తోమడానికి బదులు కాదు. బాబుకు మాత్రం పుక్కిలించేవేవీ వద్దు, ఆ వయసులో ఉమ్మేది సగం మింగేది సగం.

ఇంకొకటుంది, ఇదే అసలు విషయం. ఏ చెట్టు రసమైనా పాచిని బలహీనం చేయగలదు గానీ పంటిలోంచి కరిగిపోయిన ఖనిజాన్ని తిరిగి గట్టిగా అతికించే పని ఫ్లోరైడ్ చేసినట్టు చేయలేదు. ఫ్లోరైడ్ పంటి పైపొరలో కలిస్తే ఆ పొర 5.5 దగ్గర కరగదు, దాదాపు 4.5 దాకా తట్టుకుంటుంది.

ఇక్కడ మీరు ఆగి, మా పాప పండ్లు చెడింది ఆ ఫ్లోరైడ్ వల్లే కదా మేడం అంటారు. నిజమే, మన జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, ఆ బాధ చూసే కదా 1995లో సత్యసాయి నీళ్ళ పథకం మొదలుపెట్టి వందల ఊళ్ళకు పైపులేసింది. కానీ తాంబూలంలో సున్నం సంగతి తెలుసు కదా మీకు, చిటికెడు పూస్తే ఆకు రుచి, ముద్ద పెడితే నోరంతా పొక్కుతుంది. ఇక్కడ మోతాదుతో పాటు దారి కూడా ముఖ్యం. పాప మూడేండ్ల లోపు ఉన్నప్పుడు దాని పెద్ద పళ్ళు చిగురు లోపల తయారవుతా ఉన్నాయి, అప్పుడు రోజూ బోరు నీళ్ళతో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి ఆ తయారీనే చెడగొట్టింది. దాన్నే డెంటల్ ఫ్లోరోసిస్ అంటాము. పన్ను బయటికి వచ్చేసరికే మరక దాని లోపల ఉంది. పేస్టులో ఫ్లోరైడ్ పంటి పైన పూసి ఉమ్మేసేది, 11 ఏండ్ల పాపకు ముందరి పళ్ళ తయారీ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు పేస్టు వాడితే కొత్తగా మరకలు పడవు, మానేస్తే ఉన్నవి పోవు. మానేస్తే జరిగేది ఒకటే, పుచ్చు రావడం తేలికవుతుంది. ఇట్లాంటి మరకల పళ్ళు ఉంటే పుచ్చు రాదని కొందరంటారు, అది కూడా నిజం కాదు, ముదిరిన ఫ్లోరోసిస్‌లో ఎనామిల్ గుల్లగుల్లగా ఉండి పెచ్చులూడుతుంది.

అందుకే బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి పెట్టి పాప పళ్ళు రుద్దొద్దని మీ అత్తతో గట్టిగా చెప్పండి, మెల్లగా చెప్తే వినేటట్టు లేదు ఆమె! ఆ గోధుమరంగు పైన పట్టిన మురికి కాదు, లోపలి రంగు, రుద్దేకొద్దీ ఎనామిల్ అరుగుతుంది తప్ప రంగు అరగదు. రెండు పక్కల పళ్ళకూ ఒకే తీరుగా, అడ్డం చారలుగా, పన్ను వచ్చినప్పట్నించీ ఉందంటే అది ఫ్లోరోసిస్. ఒక పంటికే ఉండి, గుంట పడి, అన్నం ఇరుక్కుంటా ఉంటే పుచ్చు. మీరు రాసిన దాన్ని బట్టి పాపది మొదటిదే అనిపిస్తా ఉంది, అయినా ఒకసారి డాక్టరు కళ్ళతో చూడాలి. తేలిక మరకలైతే మైక్రోఅబ్రేషన్ అని పైపొరను చాలా కొద్దిగా పాలిష్ చేసే పద్ధతి ఉంది, ముదురువైతే పంటిరంగు ఫిల్లింగ్ మెటీరియల్‌తో ముందర పూత లాగ వేస్తారు. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్ల అంటున్నారు కదా, దీన్ని సోకు ఖర్చు అనుకోవద్దు. పెళ్ళప్పుడు చూద్దాంలే అని వాయిదా వేసే తల్లులను చాలామందిని చూసినా, ఈలోపు ఆ పిల్లలు ఫోటోల్లో నవ్వడం మానేసి ఉంటారు.

ఇప్పుడు ఆ చుక్కల సీసా. పాపవి మరకలు, గార కాదు. గార అంటే పాచి తీయకుండా వదిలేస్తే ఉమ్మిలో ఉన్న కాల్షియం దానిమీద పేరుకుని రాయి కట్టడం. పన్ను కూడా కాల్షియం ఫాస్ఫేటే, గార కూడా కాల్షియం ఫాస్ఫేటే. గారను కరిగించేంత పులుపు ఉన్న చుక్క పంటిని వదిలేస్తుందా? కరిగించకపోతే మీ 499 దండగ, కరిగిస్తే పన్ను దండగ. గారను మిషన్‌తో క్లీన్ చేయించుకోవాల్సిందే, చేయిస్తే పళ్ళు కదుల్తాయన్నది ఉత్త మాట, అప్పటిదాకా గారే పళ్ళను పట్టుకున్నట్టు ఉంటుంది, తీసేసినాక ఖాళీ తెలుస్తుంది, అంతే.

హెర్బల్ పేస్టు గురించి కూడా చెప్పాలి. డబ్బా మీద ఆకు బొమ్మ చూసి కొనొద్దు, వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలా హెర్బల్ పేస్టుల్లో కూడా నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్, రుద్దడానికి సుద్ద ఉంటాయి, అంటే మామూలు పేస్టులో ఉండేవే. ఫ్లోరైడ్ ఉంటే రాసి ఉంటుంది, మన దేశంలో అది 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు) దాటకూడదని రూలు. లవంగం, యాప, ఫ్లోరైడ్ అన్నీ కలిపినవి కూడా దొరుకుతాయి, ఉంటే అది తెచ్చుకోండి, ఇంట్లో తగువు కూడా తీరుతుంది. ట్యూబు అడుగున పచ్చ గీత ఉంటే ఆయుర్వేదం, నల్ల గీత ఉంటే కెమికల్ అని ఒక మెసేజ్ తిరుగుతుంది చూడండి, అది అబద్ధం, ఆ గీత ట్యూబు కోసే మిషన్‌కి గుర్తు మాత్రమే. ఎర్ర పళ్ళపొడి ఏదైనా వాడితే అందులో పొగాకు ఉందేమో చూసుకోండి, 1992లోనే పళ్ళపొడుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం నిషేధించింది. పెద్దోళ్ళు నశ్యం పెట్టి తోముకునేది వేరే కథ, మా ఇంట్లోనే ఒకామెతో ఆ అలవాటు మాన్పించలేక నేనే ఓడిపోయినా.

బాబు దగ్గరికి వస్తాను, మీ జాబులో తొందరగా చూడాల్సింది వాడినే. రాత్రిపూట లేచి ఏడుస్తున్నాడంటే పుచ్చు నరం దాకా పోయినట్టు. లవంగనూనెలో యూజెనాల్ ఉంటుంది, నొప్పిని కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, మేము కూడా దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి సిమెంటుగా వాడతాము, కాబట్టి మీ అత్త తెలివి తక్కువదేం కాదు. కానీ నొప్పి తెలియకుండా పోతుంది గానీ పుచ్చు లోపలికి పోతానే ఉంటుంది. పైగా చిగురుకు తగిలితే పొక్కుతుంది, సీసా పిల్లోడి చేతికి అందిందంటే ఇంకా ప్రమాదం, పసిపిల్లలు 5, 10 ఎం.ఎల్. మింగి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. యాపనూనె కూడా అంతే, మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. రెండు సీసాలూ అటక మీద పెట్టండి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సిరప్పు ఇవ్వండి, ఆస్పిరిన్ బిళ్ళ పన్ను పక్కన అదిమి పెట్టే పని మాత్రం చేయొద్దు, చిగురు కాలిపోతుంది. దవడ వాచినా జ్వరం వచ్చినా ఆ రోజే పోవాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

పాలపళ్ళే కదా ఊడిపోతాయి అని ఎవరైనా అంటే వినొద్దు, ముందరివి 6, 7 ఏండ్లకు ఊడతాయి గానీ దవడ పాలపళ్ళు 10 నుంచి 12 ఏండ్ల దాకా ఉండాలి. ముందే పీకేస్తే పక్క పళ్ళు ఒరిగి, కింద వచ్చే పెద్ద పంటికి చోటు ఉండదు. వాటికి కూడా రూట్ కెనాల్ లాంటి వైద్యం, పంటి మీద తొడిగే టోపీ ఉన్నాయి. అనంతపురం పెద్దాస్పత్రిలో పళ్ళ విభాగం ఉంది, ఇంకా పెద్ద పనైతే కడపలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, ఖర్చుకు భయపడి ఆగొద్దు.

రోజువారీ పద్ధతి ఇట్లా పెట్టుకోండి. పొద్దున మీ అత్త మాట నెగ్గనీయండి, పెద్దవాళ్ళూ పాపా యాపపుల్ల వేసుకోండి, చిటికెనవేలు లావు పచ్చి పుల్ల, బాగా నమిలి మెత్తని కుచ్చు అయినాకనే, అడ్డంగా గీకకుండా చిగురు నుంచి పంటి కొన వైపు. మందు కొట్టిన చేను గట్టు మీది చెట్టుది, దుమ్ము పట్టిన రోడ్డు పక్కదీ వద్దు. వాడిన కుచ్చు రోజూ కోసి పారేయండి. పుల్లకు అందనిది దవడ పళ్ళ లోపలి పక్క, అందుకే రాత్రి మాత్రం మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు, అందరికీ, తప్పకుండా. రాత్రే ఎందుకంటే నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది, పాచికి పండగ. తోమినాక ఉమ్మేయండి, గుక్కలు గుక్కలుగా నీళ్ళు పోసి కడగొద్దు, ఆ కాస్త ఫ్లోరైడ్ పంటి మీద ఉండనీయండి. చీనీకాయ తిన్న వెంటనే కూడా తోమొద్దు, పులుపుకి మెత్తబడిన పొర అరుగుతుంది, అరగంట ఆగండి.

బాబుకి పొద్దున కూడా మెత్తని బ్రష్షే, పుల్ల వద్దు. 7, 8 ఏండ్లు వచ్చేదాకా మీరే తోమాలి, వాడి చేతికిస్తే పేస్టు తిని బ్రష్షు నములుతాడు. బఠాణి గింజంత పేస్టు, అంతకు మించొద్దు, మింగకుండా ఉమ్మించాలి, వాడికి ఇంకా కొన్ని పెద్ద పళ్ళు లోపల తయారవుతా ఉన్నాయి కాబట్టి ఈ జాగ్రత్త పాపకన్నా వాడికే ఎక్కువ కావాలి. వచ్చే ఏడాది వాడి పాలపళ్ళ వెనక, ఏదీ ఊడకుండానే, ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. అది పాలపన్ను అనుకుని అందరూ వదిలేస్తారు, కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను అది, అది వచ్చిన వెంటనే దాని గుంటలను మూసే సీలంట్ అనే పూత వేయించండి.

ఇంక వంటకు బోరు నీళ్ళు అన్నారే, అది నాకు నచ్చలేదు. అన్నంలో, పప్పులో, సంగటిలో పోసిన నీళ్ళన్నీ బాబు కడుపులోకే కదా పోయేది. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో బోరు నీళ్ళు ఒక లీటరు పట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో టెస్టు చేయించండి, ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది, 1.5 దాటితే తాగడానికీ వంటకీ రెండింటికీ పనికిరాదు. క్యాన్ నీళ్ళది కూడా పనిలో పనిగా ఇంకొక సీసాలో పట్టుకుపోండి, ప్లాంటులో ఫిల్టరు మార్చి ఎన్నాళ్ళయిందో మీకూ తెలియదు నాకూ తెలియదు.